ఫిర్యాదుల పద్దును వెబ్‌సైటునం దమర్చు విధము

పాఠశాల వెబ్‌సైటులో పరీక్షాఫలితముల పుట తెరచుకొనుట లేదని యొక విద్యార్థి యుపాధ్యాయునితో చెప్పె ననుకొందము. ఉపాధ్యాయుడు గుమాస్తాతో చెప్పును. గుమాస్తా మరునాడు సెలవుమీద పోవును. పుట యట్లే యుండును, అందఱును చెప్పినవారే యగుదురు. నోటిమాటవలని యీ చిక్కును బాపుటకై ఫిర్యాదులను వరుససంఖ్యతో నమోదుచేయు సాధనములు పుట్టినవి. 1998లో వెలువడిన బగ్‌జిల్లా వానిలో పేరెన్నికగన్నది. 2006లో వెలువడిన రెడ్‌మైన్ ఉచితముగ లభించును గనుక దానినే మేమిచట నుదాహరణముగ గైకొనుచున్నాము.

రెడ్‌మైన్‌ను సర్వరునందు స్థాపించి, వెబ్‌సైటు పనికై యొక ప్రాజెక్టు నేర్పరుపవలెను. ఆ ప్రాజెక్టు సెట్టింగులలో వికీ, వార్తలు, పత్రములు మొదలగు మాడ్యూళ్ల పట్టిక కానవచ్చును. ఇష్యూ ట్రాకింగ్ అనుదాని కెదురుగ గుర్తు పెట్టి భద్రపరచినంతనే ఇష్యూస్ అను టాబు వెలయును. చేర్చుట యింతటితో సరి. పిదప గుర్తు తీసివేసినను ఫిర్యాదులు నశింపవు. మరల పెట్టినచో నవి యట్లే యగపడును.

శ్రమ యంతయు నమరికలో నున్నది. బగ్, ఫీచర్, సపోర్ట్ అను మూడు ట్రాకరులును, న్యూ మొదలు క్లోజ్‌డ్, రిజెక్టెడ్ వఱకు గల స్థితులును, మేనేజరు, డెవలపరు, రిపోర్టరు అను పాత్రలును, ఆరంభపు టమరికను లోడుచేసినచో సిద్ధముగనే వచ్చును. ఇచట రిపోర్టరనగా పత్రికావిలేఖరి కాడు, ఫిర్యాదు వ్రాయువాడు.

వర్క్‌ఫ్లో అను పట్టికయే మిక్కిలి ముఖ్యమైనదని మేము తలంచుచున్నాము. అది యెక్కముల పలకను బోలియుండును. ప్రక్కన ఇప్పటి స్థితులు, పైన రాబోవు స్థితులు. ఏ గడిలో గుర్తున్నదో యా మార్పు మాత్రమే యా పాత్రవారికి సాధ్యమగును. రిసాల్వ్‌డ్ అనగా బాగుచేసితినని డెవలపరు చెప్పుట. క్లోజ్‌డ్ అనగా పని ముగిసె ననుట. రెండింటికిని డెవలపరునకే యధికార మిచ్చినచో, తన పరీక్షాపత్రమును తానే దిద్దుకొన్నట్లగును. కావున క్లోజ్‌డ్ నిలువు వరుసలో డెవలపరు గుర్తులు తీసివేసి, రిపోర్టరునకుంచుట మేలు. పుట తన కన్నులకు తెరచుకొన్ననాడే విద్యార్థి ఫిర్యాదును మూయును. తెరచుకొననిచో ఫీడ్‌బ్యాక్ స్థితికి మరల్చును. అతడు మరల రాకున్న మేనేజరు మూయవచ్చును. ప్రతి ట్రాకరునకును ప్రతి పాత్రకును వేఱువేఱు గడులున్నవి గనుక తొమ్మిది పట్టికలు చూడవలసివచ్చును. విసుగు పుట్టును గాని, ఒకదానినుండి మఱియొకదానికి నకలుచేయు వీలు కలదు.

కేటగరీల నేర్పరచి యొక్కొక్కదానికి నొక్కొక్కరిని నియమించినచో ఫిర్యాదు తనంతట తానే వారి పేర చేరును. ఫలితముల కేటగరీకి గుమాస్తాను నియమింపవచ్చును. అయితే ఈమెయిలు పంపు సర్వరు వివరములను కాన్ఫిగరేషన్ ఫైలునందు వ్రాయనియెడల నాతనికి ఈమెయిలు రాదు. ఫిర్యాదు పద్దులో నుండును, అతడు పద్దు తెరచువఱకు నెఱుగడు. పరీక్షార్థమొక ఫిర్యాదు వ్రాసి, గుమాస్తాకు ఈమెయిలు చేరినదని చూచుకొనిన పిదపనే పద్దు సంగతి విద్యార్థులకు తెలుపవలెను.