సరంగు వయసు పద్దెనిమిది

విద్యార్థి నాయకుడు అనగానే మనవైపు ఎన్నికలు, గోడమీద రాతలు, ఊరేగింపులు గుర్తుకు వస్తాయి. బడిలో అయితే ప్రార్థన వేళ వరుసలు సరిచేసే లీడరు, హాస్టల్లో అయితే మెస్ లెక్కలు చూసే కార్యదర్శి. ఆ కుర్రవాడు పొరపాటు చేస్తే మహా అయితే ఒకపూట పప్పులో ఉప్పు తగ్గుతుంది. తిట్టుకుని తింటారు.

విద్యార్థి నాయకుడు పొరపాటు చేస్తే సముద్రంలో మనుషులు పోయే చోటు ఒకటి ఉండేది. వేల్స్ దేశపు దక్షిణ తీరంలో సెయింట్ డొనాట్స్ అనే పల్లెలో ఉన్న అట్లాంటిక్ కళాశాల అది. అందరూ అక్కడే ఉండి చదివే విద్యాలయం. చదువు రెండేళ్లు. 1963 నుంచి 2013 వరకు, సరిగ్గా యాభై ఏళ్లపాటు, అక్కడి సముద్రంలో ఆపదలో పడినవారిని ఒడ్డుకు చేర్చే పడవను ఆ విద్యార్థులే నడిపారు. వారిలో చాలామంది పదిహేడు, పద్దెనిమిదేళ్ల వాళ్లు.

జైలు నుంచి కొత్త బడికి

ఈ ఆలోచనకు మూలపురుషుడు కుర్ట్ హాన్. 1886లో బెర్లిన్ నగరంలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. 1920లో జర్మనీలోని సాలెం కోటలో ఒక పాఠశాల స్థాపించాడు. హిట్లర్‌ను బాహాటంగా వ్యతిరేకించినందుకు 1933లో జైలుపాలయ్యాడు. విడుదలయ్యాక బ్రిటన్ చేరి 1934లో స్కాట్లండ్ తీరాన గార్డన్‌స్టన్ పాఠశాలను ప్రారంభించాడు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఓడల యజమాని లారెన్స్ హోల్ట్ ఆయనతో ఒక విచిత్రమైన సంగతి చెప్పాడు. శత్రువుల దాడిలో ఓడ మునిగి చిన్న పడవల్లో మిగిలినప్పుడు, బలమైన యువకులకంటే వయసు మళ్లిన నావికులే ఎక్కువగా బతికి బయటపడుతున్నారని ఆయన గమనించాడు. కండబలం ఉన్నా కష్టాన్ని ఓర్చుకునే అలవాటు కుర్రవాళ్లకు లేదన్నమాట. ఆ లోటు తీర్చడానికి 1941లో వేల్స్ తీరంలోని అబెర్‌డోవీలో ఇద్దరూ కలిసి ఒక శిక్షణ కేంద్రం పెట్టారు.

హాన్ నమ్మకం ఒక్కటే. కుర్రవాళ్లకు నీతులు చెబితే ఎక్కవు. తమ అవసరం నిజంగా ఉన్నచోట వారిని నిలబెట్టాలి. యుద్ధం యువకుల్లో రేపే ఉత్సాహానికి సాటిరాగలది ఇంకొకరి ప్రాణం కాపాడే పని మాత్రమేనని ఆయన అభిప్రాయం. యుద్ధం ముగిసి పదేళ్లయినా దేశాల మధ్య వైరం చల్లారలేదు. నిన్నటి శత్రుదేశాల పిల్లలు ఒకేచోట చదివి, ఒకే పడవలో పనిచేస్తే ఎలా ఉంటుందన్న తలంపు ఆయనకు వచ్చింది. వాయుసేనలో ఉన్నతాధికారి అయిన సర్ లారెన్స్ డార్వాల్ అండగా నిలిచాడు.

స్థలం కోటరూపంలో దొరికింది. సెయింట్ డొనాట్స్ కోట మధ్యయుగాల నాటిది. 1925లో దానిని అమెరికా పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్స్ట్ కొని లక్షలు పోసి బాగుచేయించాడు. కాని అందులో ఉన్న రోజులు తక్కువ. తరువాత వ్యాపారి కుటుంబీకుడైన ఆంటోనిన్ బెస్ ఆ కోటను కొని విద్యాలయానికి ఇచ్చాడు. 1962 సెప్టెంబరులో కళాశాల తెరిచారు. మొదట మగపిల్లలే. 1967 నుంచి ఆడపిల్లలను కూడా చేర్చుకున్నారు.

నలభై అడుగుల పోటు

కోట కిటికీలోంచి కనిపించేది బ్రిస్టల్ ఛానెల్. పేరు కాలువ అనిపించినా అది సముద్రమే. ప్రపంచంలో ఆటుపోటుల తేడా అత్యధికంగా ఉండే చోట్లలో అది ఒకటి. విశాఖ, కాకినాడ తీరాల్లో ఆటుకు, పోటుకు మధ్య తేడా రెండు మీటర్లు దాటదు. బ్రిస్టల్ ఛానెల్ ఎగువన అది 14 మీటర్ల దాకా ఉంటుంది. అంటే నలభై అడుగుల పైమాటే. నాలుగంతస్తుల మేడ అంత ఎత్తున నీరు ఆరుగంటల్లో ఎక్కి, మరో ఆరుగంటల్లో దిగిపోతుందన్నమాట. అంత నీరు కదిలేటప్పుడు పుట్టే ప్రవాహం చిన్న పడవలను ఎటు కావాలంటే అటు ఈడ్చుకుపోతుంది.

ఆటు సమయంలో కొండచరియల కింద రాతి పలకలు బయటపడతాయి. సరదాగా నడుచుకుంటూ వెళ్లినవారు తిరిగి చూసేసరికి వెనక దారిని నీరు కమ్మేస్తుంది. ముందు సముద్రం, వెనక నిలువెత్తు కొండ. ఆ కొండ కూడా నమ్మదగినది కాదు. పొరలు పొరలుగా ఉన్న సున్నపురాయి ఉన్నట్టుండి విరిగి పడుతూ ఉంటుంది.

అందుచేత విద్యార్థులు చేసే సేవకు కృత్రిమంగా పని వెతకవలసిన అవసరం లేకపోయింది. పని గుమ్మం ముందే ఉంది. కొందరు కొండచరియల నుంచి మనుషులను తాళ్లతో పైకి లాగడం నేర్చుకున్నారు. కొందరు స్నానాల రేవుల్లో కాపలా కాశారు. ఇంకొందరు పడవ ఎక్కారు.

బ్రిటన్, ఐర్లండ్ తీరాల్లో ఈ పని చూసే సంస్థ పేరు రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్. 1824లో పుట్టిన ధర్మసంస్థ అది. ప్రజల విరాళాలతో నడుస్తుంది. పడవ ఎక్కేవారిలో అత్యధికులు జీతం లేని స్వచ్ఛంద సేవకులే. చేపలు పట్టేవారు, దుకాణదారులు, వడ్రంగులు పిలుపు రాగానే చేతిలో పని వదిలి పరుగెత్తుతారు. తీరానికి దగ్గరలో వేగంగా వెళ్లే చిన్న గాలి పడవలను ఆ సంస్థ 1963లో ప్రవేశపెట్టింది. ఆ సంవత్సరమే కళాశాలలోనూ ఒక కేంద్రాన్ని నెలకొల్పింది. ఇక్కడ చేతిలో పుస్తకం వదిలి పరుగెత్తాలి. అంతే తేడా.

వర్క్‌షాపులో పుట్టిన పడవ

కళాశాల మొదటి ప్రిన్సిపాలు రియర్ అడ్మిరల్ డెస్మండ్ హోర్. నౌకాదళంలో ఇంజనీరుగా పనిచేసిన మనిషి. విద్యార్థులు తెరచాప పడవలు నేర్చుకునేటప్పుడు వెన్నంటి వెళ్లడానికి ఆయనకు వేగమైన పడవలు కావలసి వచ్చాయి. అప్పటికి దొరికే గాలి పడవల అడుగు మెత్తని గుడ్డ. గులకరాళ్ల ఒడ్డున ఈడిస్తే చిరిగేది. వేగం పెంచితే అలలమీద దబదబ కొట్టుకునేది.

హోర్, విద్యార్థులు కలిసి దీనికి విరుగుడు వెతికారు. గాలి గొట్టాలను అలాగే ఉంచి కింద ప్లైవుడ్ అడుగు అతికించి చూశారు. ఒకటి పనికి రాకపోతే మరొకటి కట్టారు. ఈ ప్రయత్నాలు దశాబ్దం పొడుగునా సాగాయి. చివరకు తేలినది ఇది. కింద పదునైన గట్టి అడుగు అలను కోస్తుంది. చుట్టూ ఉన్న గాలి గొట్టాలు పడవను తేల్చి ఉంచుతాయి. నీళ్లలో ఉన్న మనిషి పక్కకు వచ్చినప్పుడు ఆ మెత్తని గొట్టం అతన్ని గాయపరచదు. 1969లో అలాంటి పడవ ఒకటి బ్రిటన్ చుట్టూ సాగే మరపడవల పందెంలో పాల్గొని గమ్యం చేరింది.

హోర్ ఆ నిర్మాణానికి పేటెంటు తీసుకున్నాడు. 1973లో ఆ హక్కును లైఫ్‌బోట్ సంస్థకు ఒక్క పౌండుకు ఇచ్చేశాడు. ఆ ఒక్క పౌండు చెక్కును కూడా ఆయన బ్యాంకులో వేయలేదని చెబుతారు. అంతకు ముందు సంవత్సరం, 1972లో, ఆ సంస్థ ప్రవేశపెట్టిన 21 అడుగుల కొత్త రక్షక పడవకు కళాశాల గుర్తుగా ‘అట్లాంటిక్ 21’ అని పేరుపెట్టారు. తరువాత వచ్చిన అట్లాంటిక్ 75, అట్లాంటిక్ 85 పడవలదీ అదే వంశం. ఈనాడు భారత నౌకాదళం, తీర రక్షక దళం సహా ప్రపంచమంతటా వాడుతున్న గట్టి అడుగు గాలి పడవల వంశవృక్షంలో ఈ వర్క్‌షాపుకు పెద్ద కొమ్మే ఉంది.

తాడు లాగిన చోటనే చుక్కాని

చిన్న రక్షక పడవలో వెళ్లేది సాధారణంగా ముగ్గురు. వారిలో ఒకరు సరంగు. పడవను నీళ్లలోకి దించాలా వద్దా అన్నది ఒడ్డున ఉన్న పెద్దల నిర్ణయం. నీళ్లలోకి దిగిన తరువాత మాత్రం మాట సరంగుదే. ఎటు తిప్పాలి, రాళ్ల మధ్యకు వెళ్లాలా, ఎవరిని ముందు ఎక్కించుకోవాలి అన్నవి ఆ క్షణంలో తేల్చవలసినవి. ఒడ్డుకు వచ్చి కమిటీ వేసి చర్చించే వీలు లేదు.

ఆ స్థానం ఓట్లతో వచ్చేది కాదు. తండ్రి హోదాతో వచ్చేది అంతకన్నా కాదు. ఈ కళాశాలకు రాజవంశాల పిల్లలు కూడా వచ్చారు. నేటి నెదర్లాండ్స్ రాజు విలెమ్ అలెగ్జాండర్ 1983 నుంచి 1985 వరకు, స్పెయిన్ యువరాణి లియోనోర్ 2021 నుంచి 2023 వరకు ఇక్కడే చదివారు. అయినా పడవలో సరంగు కావాలంటే శిక్షణ పూర్తి చేసి, అర్హత సంపాదించుకోవలసిందే. సముద్రానికి వంశాలతో పనిలేదు.

1969లో ఈ అర్హత సంపాదించిన విద్యార్థిని ఎలిజబెత్ హోస్ట్‌వెట్. నార్వే దేశస్థురాలు. వయసు పద్దెనిమిది. తీర రక్షక పడవకు నాయకత్వం వహించే అర్హత పొందిన మొట్టమొదటి స్త్రీ ఆమె. లైఫ్‌బోట్ సంస్థకు అప్పటికి నూటనలభై ఐదేళ్లు. అంతకాలమూ తీరపు పల్లెల్లో ఆడవాళ్లు లేకుండా ఈ పని జరగలేదు. కాని వారి వంతు ఒడ్డునే. మోకాళ్లలోతు చలినీళ్లలో నిలబడి తాళ్లతో పడవను లాగి నీళ్లలోకి దించడం వారి పని. ఎక్కి వెళ్లేది మగవాళ్లు. భర్తలు, కొడుకులు తిరిగి వచ్చేవరకు గట్టున నిలబడి ఎదురుచూడటం ఆడవాళ్ల పాలు. ఆ తీరు ఎలాంటిదో ఉప్పాడకో భీమిలికో చెప్పనక్కరలేదు. ఆ చుక్కాని మొదటిసారి ఒక ఆడపిల్ల చేతికి వచ్చింది విద్యార్థుల పడవలోనే.

ఏడాదికే దిగిపోవాలి

ఇక్కడి నాయకత్వంలో మరో కష్టం ఉంది. చదువు రెండేళ్లే. మొదటి ఏడాది నేర్చుకోవడం, రెండో ఏడాది నడపడం. బాగా చేయి తిరిగిందనుకునే సమయానికి పరీక్షలు వస్తాయి, ఊరికి ప్రయాణం వస్తుంది. పల్లె రేవులో సరంగు ఇరవై ఏళ్లు ఒకే చుక్కాని పట్టవచ్చు. ఈ కళాశాలలో ఏటా సగంమంది వెళ్లిపోతారు, సగంమంది కొత్తవారు వస్తారు.

అందుచేత సరంగు మొదటి బాధ్యత తన స్థానంలోకి రాబోయేవారిని తయారుచేయడం. తనకన్నా ఒక ఏడాది చిన్నవాడికి, తనతో ఒకే బల్లమీద అన్నం తినేవాడికి, వేరే భాష మాట్లాడేవాడికి తనకు తెలిసినదంతా నేర్పాలి. కొంత దాచుకుంటే తన పెద్దరికం నిలుస్తుందేమో గాని, వచ్చే శీతాకాలం ఎవరో ఒకరు మునుగుతారు. పదవిని పట్టుకుని వేలాడటానికి అక్కడ వీలు లేదు. యాభై ఏళ్లు ఆ కేంద్రం నడిచిందంటే, యాభై జట్లు దాచుకోకుండా నేర్పి దిగిపోయాయన్నమాట.

పసివాళ్లను సముద్రంలోకి పంపడం ఏమిటన్న సందేహం ఏ తల్లికైనా కలుగుతుంది. అది తీసిపారేయదగిన సందేహం కాదు. అందుకే పెద్దల పర్యవేక్షణ, శిక్షణ, నియమాలు ఉన్నాయి. నియమాల విషయంలో విద్యార్థులకు ప్రత్యేక రాయితీ ఏమీ లేదు. అలా సడలిస్తే అది ఆటవుతుందే గాని సేవ కాదు. నిజమైన బాధ్యత అప్పగించినప్పుడు నిజమైన నియమం కూడా అప్పగించాలని ఆ కళాశాల గ్రహించింది.

పడవ వెళ్లింది, పని మిగిలింది

2013లో లైఫ్‌బోట్ సంస్థ అక్కడి కేంద్రాన్ని మూసివేసింది. చుట్టుపక్కల కేంద్రాలే ఆ తీరాన్ని చూసుకోగలవని నిర్ణయించింది. పడమటి వైపున్న పోర్త్‌కాల్ కేంద్రంలో ఉన్నది అట్లాంటిక్ తరగతి పడవే. విద్యార్థులు కట్టిన పడవ మనుమడు వేగంగా రాగలుగుతున్నాడు కనుక, తాత ఇంట్లో మరో పడవ అక్కర లేకుండా పోయింది. యాభై ఏళ్ల సంప్రదాయం ముగియడం పాత విద్యార్థులకు బాధ కలిగించేదే. కాని ప్రాణరక్షణలో సెంటిమెంటు కంటే సమయం ముఖ్యం.

ఆ విద్య మాత్రం ఆగలేదు. 2011లో జపాన్‌ను సునామీ ముంచెత్తిన తరువాత, ఇక్కడ చదివిన ఒక పాత విద్యార్థి మొదలుపెట్టిన ధర్మసంస్థ తరఫున యువకులు ఈ కళాశాల ఆవరణలోనే రక్షక పడవ కట్టి, దెబ్బతిన్న కమైషి పట్టణానికి పంపారు.

అట్లాంటిక్ కళాశాల దారిలో వెలసిన యునైటెడ్ వరల్డ్ కళాశాలలు ఇప్పుడు నాలుగు ఖండాల్లో ఉన్నాయి. మనదేశంలో మహీంద్రా కళాశాల 1997లో పూణే సమీపంలోని కొండల మీద ప్రారంభమైంది. అక్కడ సముద్రం లేదు. పక్కన పల్లెలున్నాయి. సేవ చేయడానికి ప్రతిచోటా సముద్రమే ఉండనక్కరలేదు.

మన హాస్టళ్లలోనూ లీడర్లున్నారు. బ్యాడ్జీలున్నాయి, ప్రమాణ స్వీకారాలున్నాయి. ఆ బ్యాడ్జీ వెనక ఎవరికో నిజంగా అవసరమైన పని ఒకటి ఉందా, ఆ పనిని వచ్చే ఏడాది వాడికి నేర్పి వెళుతున్నాడా అన్నవి మాత్రం వార్డెన్లు, ఉపాధ్యాయులు వేసుకోవలసిన ప్రశ్నలు. పద్దెనిమిదేళ్ల పిల్ల చేతికి చుక్కాని ఇచ్చినవారు ఆ ప్రశ్నలు ముందే వేసుకున్నారు.