తిత్తికి చిల్లు పడితే

కోల్‌కతాలో పార్క్ స్ట్రీట్ వెళ్లి ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ రోడ్డును తాకే చోట మల్లిక్ బజార్ ఉంది. పాత బండ్ల సామానుకు ఆ నగరంలో పెట్టింది పేరు. కంపెనీ ఎప్పుడో మరిచిపోయిన మోడల్‌కు కూడా అక్కడ ఓపిగ్గా వెతికితే ఏదో ఒక ముక్క దొరుకుతుందని బండి ప్రియుల నమ్మకం. అలా సామాను కొని, లేత్‌లో బోరు చేయించి, కొత్త పిస్టన్, కొత్త రింగులు వేయించి, ఇక బండి గాల్లో తేలుతుందని ఆశపడే మనిషిని ఊహించుకోండి. నాలుగు కిక్కులకు స్టార్టవుతుంది. ఐడిలింగ్ నిలవదు. ఆక్సిలరేటర్ వదిలేసినా రేసు దిగదు. మూడో గేరులో చెయ్యి తిప్పితే ముందుకు దూకాల్సింది పోయి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గుతుంది. ఆయన అనుమానం మొదట కార్బురేటర్ మీదికి, ఆ తర్వాత మెకానిక్ మీదికి వెళ్తుంది.

మొదటిది చాలాసార్లు తప్పు. రెండోది సగం ఒప్పు.

ఆ బండి యమహా ఆర్‌ఎక్స్ 100 అనుకుందాం. మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైన ఈ టూ స్ట్రోక్ బండికి తెలుగునాట ఉన్న మోజు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ పేరుతోనే 2018లో ఒక తెలుగు సినిమా వచ్చి హిట్టయింది కూడా, ఇంజన్ గురించి అందులో తెలుసుకునేదేమీ లేకపోయినా. సిలిండర్ అడ్డం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 50 మిల్లీమీటర్లు, మొత్తం 98 సీసీ. నిమిషానికి 7,500 చుట్లు తిరిగేటప్పుడు సుమారు 11 హార్స్‌పవర్ ఇస్తుంది. టూ స్ట్రోక్ కాబట్టి క్రాంకు తిరిగిన ప్రతి చుట్టుకూ ఒకసారి మంట పుడుతుంది. అంటే సెకనుకు 125 సార్లు. ఆ ఒక్కోసారీ సిలిండర్‌లోకి గాలి, పెట్రోలు సరైన పాళ్లలో వచ్చి చేరాలి.

ఆ గాలి వచ్చే దారిలోనే అసలు కథ ఉంది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్ కింద క్రాంకు తిరిగే గదికి ఆయిల్ పట్టి ఉంచడం కన్నా పెద్ద పనేమీ లేదు. టూ స్ట్రోక్‌లో ఆ గది కమ్మరి కొలిమి దగ్గరుండే తిత్తి లాంటిది. పిస్టన్ పైకి వెళ్తే కింద ఖాళీ పెరిగి, కార్బురేటర్ నుంచి మిశ్రమం లోపలికి వస్తుంది. పిస్టన్ దిగితే అదే మిశ్రమం నలిగి, పక్క దారుల్లోంచి పైకి ఎగదన్నుకుని సిలిండర్‌లో పడుతుంది. 1891లో ఇంగ్లండ్‌కు చెందిన జోసెఫ్ డే పేటెంట్ తీసుకున్న ఉపాయమిది. ఫోర్ స్ట్రోక్‌లో లాంటి వాల్వులు, క్యామ్‌షాఫ్టు అక్కర్లేదు. చవక, తేలిక. దానికి చెల్లించే మూల్యం ఒకటే: తిత్తికి ఎక్కడా చిల్లు ఉండకూడదు.

ఇంజన్ విప్పి బిగించడమంటే ఆ తిత్తి కుట్లు మొత్తం ఊడదీసి మళ్లీ కుట్టడమే. క్రాంకుకు రెండు పక్కలా ఉండే రబ్బరు ఆయిల్ సీళ్లు, కార్బురేటర్‌ను ఇంజన్‌కు కలిపే రబ్బరు మెడ, సిలిండర్ అడుగున ఉండే కాగితపు ప్యాకింగ్, క్రాంకు గది రెండు చిప్పలూ కలిసే అంచు, వీటిలో ప్రతిదీ ఒక కుట్టు. పిస్టన్‌కు వేలు ఖర్చు పెట్టి, సీళ్లు "బాగానే ఉన్నాయి కదా" అని పాతవే ఉంచేయడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. చిప్పలు విడిపోవడానికి మధ్యలో స్క్రూడ్రైవర్ దూర్చి తడితే, అంచు మీద గోరంత గీత పడుతుంది. బండి పాత నీరసంతో నడిచినన్నాళ్లూ ఈ లోపాలు అందులో కలిసిపోయి ఉంటాయి. కొత్త పిస్టన్ వచ్చి గట్టిగా పీల్చడం మొదలుపెట్టాక బయటపడతాయి.

చిల్లు ఎటు వైపుందో లక్షణమే చెబుతుంది. ఆర్‌ఎక్స్ 100లో ఎడమ పక్కన మ్యాగ్నెట్ ఉంటుంది. ఆ వైపు సీలు పోతే పెట్రోలు లేని వట్టి గాలి లోపలికి వస్తుంది. మిశ్రమం పలచబడి రేసు దానంతటదే పెరుగుతుంది, ఇంజన్ అతిగా కాగుతుంది, చివరికి పిస్టన్ ఉబ్బి సిలిండర్‌లో బిగుసుకుపోతుంది. కుడి పక్కన క్లచ్, గేరు ఆయిల్. ఆ వైపు సీలు పోతే ఇంజన్ గేరు ఆయిల్ తాగుతుంది. పొగ ఎంతకీ తగ్గదు, గేరు ఆయిల్ మట్టం మాత్రం తగ్గుతూ ఉంటుంది. పలచబడిన మిశ్రమానికి కార్బురేటర్ స్క్రూ తిప్పి మందు వేయడం, జ్వరం కారణం వెతక్కుండా తడిగుడ్డ వేసినట్టే. రెండు రోజులు హాయిగా ఉంటుంది, మూడో రోజు బండి దారిలో ఆగిపోతుంది.

చిల్లును పట్టుకునే పరీక్ష మాత్రం చాలా చవక. కార్బురేటర్ వైపు, సైలెన్సర్ వైపు రంధ్రాలను రబ్బరు బిరడాలతో మూసేసి, ప్లగ్ రంధ్రంలోంచి కొద్దిగా గాలి ఎక్కించాలి. 6 పీఎస్‌ఐ చాలు. సైకిల్ టైరులో ఉండే గాలిలో చిన్న భాగమది. బీపీ చూసే యంత్రంలోని రబ్బరు బంతి, ముల్లుతోనే ఈ పని కానిచ్చే చేతి నేర్పు ఉన్నవాళ్లూ ఉన్నారు. ముల్లు కొన్ని నిమిషాల పాటు కదలకపోతే తిత్తి గట్టిదే. దిగిపోతుంటే అతుకుల మీద సబ్బు నీళ్లు రాయాలి. బుడగ లేచిన చోటే దొంగ ఉన్నాడు. మ్యాగ్నెట్ తీసి, దాని వెనక సీలు మీద కూడా సబ్బు నీళ్లు వేయడం మరవకూడదు. ఇంత తేలికైన పరీక్ష చేయకుండా ఇంజన్ రెండోసారి విప్పడం విచిత్రం.

ముల్లు నిలబడితే అప్పుడు మిగతావి చూడాలి. ఆయిల్ పంపు ఉన్న బండిలో గొట్టం తీసి పెట్టినప్పుడు గాలి బుడగ చేరుతుంది. దాన్ని వదిలించకుండా స్టార్ట్ చేస్తే కొత్త పిస్టన్‌కు ఆయిల్ అందదు. అందుకే తెలివైనవాళ్లు మొదటి ట్యాంకు పెట్రోల్లో విడిగా కూడా కాస్త ఆయిల్ కలుపుతారు. మ్యాగ్నెట్‌ను క్రాంకు మీద నిలిపే నెలవంకలాంటి చిన్న కీ తెగినా, పక్కకు జరిగినా టైమింగ్ తప్పుతుంది. కిక్కు వెనక్కి తన్నితే అది గుర్తుకు రావాలి. పిస్టన్ నెత్తి మీది బాణం సైలెన్సర్ వైపు చూడాలి. రింగుల కొసలు గాడిలోని చిన్న మేకు దగ్గరే కలవాలి. బోరుకూ పిస్టన్‌కూ మధ్య ఉండాల్సిన సందు తల వెంట్రుక మందం కన్నా తక్కువ. లేత్‌లో ఆ లెక్క తప్పితే ఏ ట్యూనింగూ కాపాడలేదు. ఇక ఏళ్ల తరబడి మసి పట్టిన సైలెన్సర్ సంగతి చాలామందికి తట్టనే తట్టదు. పీల్చిన గాలి బయటికి పోకపోతే కొత్త గాలి ఎక్కడ పడుతుంది?

పెట్రోలు మాటకొస్తే కోల్‌కతాకు ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. అక్కడి టూ స్ట్రోక్ ఆటోల రోజుల్లో, చవగ్గా వస్తుందని కిరోసిన్ వగైరా కలిపిన ఇంధనం రోడ్ల పక్కన దొరికేది. బెంగాలీలో దాన్ని 'కాటా తేల్' అనేవారు. కిరోసిన్ సరిగా ఆవిరి కాదు, పొగ పెరుగుతుంది, ప్లగ్ మసిబారుతుంది. బరువు మీద లాగుతుంటే లోపల టక్కుటక్కుమని పిస్టన్‌ను కొడుతుంది. 2008లో కలకత్తా హైకోర్టు ఇచ్చిన ఆదేశం 2009 ఆగస్టు నుంచి గట్టిగా అమలై, ఆ ఆటోల స్థానంలో ఎల్‌పీజీతో నడిచే ఫోర్ స్ట్రోక్ ఆటోలు వచ్చాయి. నగరం ఊపిరికి అది మంచిదే. ఇప్పటి చిక్కు వేరు. బంకుల్లోని పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అందులో ఆక్సిజన్ కూడా ఉంటుంది గనుక, కార్బురేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే జెట్ పాతదే ఉంటే మిశ్రమం మరికొంత పలచబడుతుంది. అప్పటికే చిల్లున్న తిత్తికి ఇది అదనపు దెబ్బ.

ఈ మిశ్రమం పాళ్ల గొడవ కోల్‌కతా బండ్లకే కాదు, మంచు మీద నడిచే స్నోమొబైల్‌కూ ఉంది. కెనడాలోని క్యుబెక్‌లో జోసెఫ్ ఆర్మండ్ బొంబార్డియే 1959లో స్కీ-డూను తెచ్చాక ఆ బండ్లు జనంలోకి వెళ్లాయి. వాటిలో చాలావాటి గుండె టూ స్ట్రోక్ ఇంజనే. కాకపోతే అక్కడ వాతావరణం కూడా జెట్‌తో ఆడుకుంటుంది. మైనస్ 20 డిగ్రీల గాలి, కోల్‌కతాలోని 35 డిగ్రీల గాలి కన్నా ఐదో వంతు చిక్కన. ఎండలో సరిపోయిన జెట్ ఆ చలిలో చాలదు. కొండెక్కితే లెక్క తిరగబడుతుంది. సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న కోల్‌కతాలో కుదిర్చిన బండిని 2,042 మీటర్ల ఎత్తున్న డార్జిలింగ్‌కు తీసుకెళ్తే, అక్కడి గాలి పీడనం సుమారు ఐదో వంతు తక్కువ. మిశ్రమం చిక్కబడి బండి బరువుగా లాగుతుంది, ప్లగ్ నల్లబడుతుంది. అది ఇంజన్ జబ్బు కాదు, ఊరు మారిందంతే. అక్కడ జెట్ మార్చి, కిందికి దిగాక మళ్లీ పాతది పెట్టడం మరిచిపోతే, చల్లటి ఊళ్లో బాగున్న బండి మైదానంలో కాగిపోతుంది.

అన్నీ కుదిరాయనుకున్నాక ప్లగ్ ఊడదీసి చూస్తారు. లేత గోధుమ రంగు వస్తే సరే. తెల్లగా ఉంటే మిశ్రమం పలచన, నల్లగా తడిగా ఉంటే చిక్కన. దీనికి ముందు ఇంజన్‌ను రెండు మూడుసార్లు వేడి చేసి, సిలిండర్ రెక్కల మీద చెయ్యి ఆనించగలిగేదాకా చల్లారనివ్వాలి. వైశాఖంలో కోల్‌కతా మధ్యాహ్నం ఆ చల్లారడానికి మామూలు కన్నా ఎక్కువసేపు పడుతుంది. షెడ్డు బయట మట్టి 'భాడ్'లో టీ తాగుతూ కూర్చున్న యజమాని, మూడో కప్పు పగలగొట్టేసరికి గానీ మెకానిక్ మళ్లీ కిక్కు మీద కాలు పెట్టడు.