ప్రభుత్వాలు మారినా మారని కాంట్రాక్టరు

పైపుల తయారీతో మొదలై గోదావరిని ఎదురు నడిపించేదాకా ఎదిగింది మేఘా. ఆ ఎదుగుదల వెంటే బాండ్లు, కేసులు, కూలిన గోడలూ వచ్చాయి

మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్ బాయిల మీద పనిచేసినవాళ్లకు పంపు విలువ ఒకరు చెప్పక్కర్లేదు. భూగర్భ గనిలో బొగ్గు తీయడం ఎంత పనో, ఊరే నీళ్లు తోడి పైకి పంపడమూ అంతే పని. పంపు మొరాయిస్తే షిఫ్టు ఆగుతుంది. ఆ బొగ్గు గనుల పక్క నుంచే గోదావరి పోతుంది. ఎగువన ఎల్లంపల్లి, దిగువన సుందిళ్ల. కాళేశ్వరం పథకం ఈ రెంటి మధ్య నదిని కిందినుంచి పైకి నడిపించింది. మేడిగడ్డ దగ్గర ఆపిన నీళ్లు కన్నెపల్లి పంపుహౌస్ ఎక్కి అన్నారానికి, అక్కడినుంచి సుందిళ్లకు, గోలివాడ పంపులెక్కి ఎల్లంపల్లికి చేరేలా కట్టారు.

2016 మే 2న శంకుస్థాపన, 2019 జూన్ 21న ప్రారంభోత్సవం. మూడేళ్లలో ఇంత పని జరగడం దేశంలో అరుదు. బరాజ్‌లు కట్టింది వేరే సంస్థలు. మేడిగడ్డ ఎల్ అండ్ టీ, అన్నారం ఆఫ్కాన్స్, సుందిళ్ల నవయుగ. నీళ్లను ఎత్తే పంపుహౌసుల్లో అత్యధిక భాగం మాత్రం ఒక్క కంపెనీయే కట్టింది. దాని పేరు మేఘా ఇంజినీరింగ్. ఆ కంపెనీ కథ చదివితే గత ముప్పై అయిదేళ్లలో తెలుగునాట ప్రభుత్వ సొమ్ము ఏ దారుల్లో నడిచిందో చాలావరకు తెలుస్తుంది.

దోకిపర్రు నుంచి

కృష్ణా జిల్లా గుడ్లవల్లేరు మండలం దోకిపర్రు పామిరెడ్డి పిచ్చిరెడ్డి సొంతూరు. రైతు కుటుంబం. వెనక తాతల వ్యాపారం లేదు, రాజకీయ వారసత్వమూ లేదు. 1989లో హైదరాబాద్‌లో మేఘా ఇంజినీరింగ్ ఎంటర్‌ప్రైజెస్ పేరుతో చిన్న సంస్థ పెట్టారు. మునిసిపాలిటీలకు పైపులు తయారుచేయడం దాని పని. రెండేళ్లకు బంధువు పురిటిపాటి వెంకట కృష్ణారెడ్డి వచ్చి చేరారు. ఇవాళ పీవీ కృష్ణారెడ్డిగా అందరికీ తెలిసిన ఆయనే సంస్థ మేనేజింగ్ డైరెక్టర్. 2006లో కంపెనీ పేరు మేఘా ఇంజినీరింగ్ అండ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్స్ లిమిటెడ్‌గా మారింది.

పేరు మారిన ఏడాదిని గుర్తుపెట్టుకోవాలి. వైఎస్ రాజశేఖరరెడ్డి 2004లో జలయజ్ఞం మొదలుపెట్టాక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటి పనులు ఈపీసీ పద్ధతిలో నడిచాయి. డిజైన్ నుంచి సామాన్ల కొనుగోలు, నిర్మాణం దాకా అంతా ఒకే గుత్తేదారు చేతికి వెళ్లింది. పైపుల కంపెనీలు, మట్టిపని చేసే చిన్న గుత్తేదార్లు వేల కోట్ల టర్నోవర్‌కు ఎదిగిన కాలమది. ఆ పద్ధతి వల్ల ఖజానాకు జరిగిన నష్టాన్ని తర్వాత కాగ్ ఎండగట్టింది. అప్పటికి పనులు పంచడమూ అయిపోయింది, పెద్ద కంపెనీలు పుట్టడమూ అయిపోయింది.

అదే తరంలో ఎదిగిన తెలుగు కంపెనీలు చాలావరకు పదేళ్లు తిరగకముందే కుదేలయ్యాయి. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు రాసిన ఒప్పుకోలు ఉత్తరంతో ఆయన కుటుంబ సంస్థ మేటాస్ కూలింది. విద్యుత్ ప్లాంట్ల అప్పుల్లో మునిగిన ల్యాంకో దివాలా కోర్టుకెక్కింది. ఐవీఆర్‌సీఎల్ గతీ అంతే. జీవీకే ముంబై విమానాశ్రయాన్ని అదానీకి వదులుకుంది. వీటిలో చాలావాటికి దెబ్బ తగిలిన చోటు ఒకటే: అప్పు తెచ్చి సొంతంగా ప్లాంట్లూ రోడ్లూ కట్టి, పాతికేళ్లపాటు టోలు, యూనిట్ రేటు వసూలు చేసుకుందామనుకున్నాయి. మేఘా ప్రధానంగా ప్రభుత్వం డబ్బిచ్చే పనులు పట్టుకుంది, అందులోనూ ఎక్కువగా నీళ్ల పనులు. కట్టి అప్పగిస్తే బిల్లు వస్తుంది. తెలివైన ఎంపికే. అయితే ఆ ఎంపికతోనే కంపెనీ బతుకంతా సచివాలయంలో పాసయ్యే బిల్లుల మీద ఆధారపడిపోయింది.

లక్ష్మీపూర్ లోతుల్లో

మేఘా చేసిన పనిలో గొప్పదాన్ని గొప్పదనే చెప్పాలి. కరీంనగర్ జిల్లా రామడుగు మండలం లక్ష్మీపూర్‌లో భూమి కింద కొండరాతిని తొలిచి కట్టిన గాయత్రి పంపుహౌస్ అలాంటిది. జంట సొరంగాల గుండా వచ్చిన నీళ్లు లోపలి సర్జ్‌పూల్‌లో చేరతాయి. అక్కడ ఒక్కొక్కటి 139 మెగావాట్ల సామర్థ్యమున్న ఏడు పంపులు వాటిని అందుకుంటాయి. ఒక్క పంపు సెకనుకు 3 వేల ఘనపుటడుగులకు పైగా నీటిని వంద మీటర్లకు మించిన ఎత్తుకు తోస్తుంది. పైన డెలివరీ సిస్టర్న్‌లో నీళ్లు నురగలు కక్కుతూ ఎగసిపడి, వరద కాలువ పట్టి మిడ్ మానేరుకు పోతాయి. 2019 ఆగస్టులో మొదటి పంపు తిరిగినప్పుడు చుట్టుపక్కల ఊళ్ల జనం తండోపతండాలుగా వచ్చి చూశారు. ఎత్తిపోతలకు ఇంత శక్తిగల పంపులు వాడటం అంతకుముందు ఎక్కడా లేదు. యంత్రాలు అందించింది ప్రభుత్వరంగ సంస్థ బీహెచ్ఈఎల్.

2021 జూన్‌లో డిస్కవరీ చానల్ ఈ పథకం మీద డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. ఆ తర్వాత కథ ఎట్లా మలుపు తిరుగుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు.

2022 జులై 14

ఆ వారం గోదావరి ఉగ్రరూపం గుర్తులేని కుటుంబం మంచిర్యాల జిల్లాలో ఉండదు. ఎల్లంపల్లి గేట్లన్నీ ఎత్తారు. మంచిర్యాలలో నది ఒడ్డున కట్టిన మాతా శిశు ఆసుపత్రిలోకి నీళ్లొస్తే బాలింతలను, పసికందులను అప్పటికప్పుడు తరలించాల్సి వచ్చింది. దిగువన చెన్నూరు, కోటపల్లి మండలాల్లో పొలాలు బ్యాక్‌వాటర్‌లో మునిగాయి.

అదే వరదలో కన్నెపల్లి పంపుహౌస్ రక్షణ గోడ కూలింది. 17 పంపులూ నీట మునిగాయి. గోడ శిథిలాలు, క్రేన్లు మోటార్ల మీద పడ్డాయి. అన్నారం పంపుహౌస్‌లో మరో 12 పంపులు మునిగాయి. ఊహకందని వరద అని ప్రభుత్వం చెప్పింది. నది ఒడ్డున పంపుహౌస్ కట్టేటప్పుడు ఊహించాల్సింది వరదనే కదా అని రిటైర్డ్ ఇంజినీర్లు, ప్రతిపక్షాలు అడిగారు. మరమ్మతుల భారం నిర్మాణ సంస్థదేనని అధికారులు ప్రకటించారు. కొన్ని నెలల్లోనే కొన్ని పంపులు మళ్లీ తిరిగాయి. పనితనం అక్కడ కనిపించింది. గోడ ఎందుకు కూలిందో, డిజైన్ ఎవరు ఆమోదించారో, ఎవరి మీద ఏ చర్య తీసుకున్నారో జనం ముందు పెట్టిన నివేదిక మాత్రం కనిపించలేదు.

ఆ తర్వాత 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. ఆ బరాజ్ మేఘా కట్టింది కాదు, ఈ సంగతి విడమరచి చెప్పాలి. ఫలితం మాత్రం దాని పంపుహౌసుల మీదా పడింది. మూడు బరాజ్‌లూ ఖాళీ అయ్యాయి, దిగువ పంపులకు నీళ్లు లేకుండా పోయాయి. లక్ష్మీపూర్ పంపులు ఎల్లంపల్లి నీటితో తిరుగుతున్నాయి.

2024 ఫిబ్రవరిలో అసెంబ్లీ ముందుకొచ్చిన కాగ్ నివేదిక లెక్కలు విప్పింది. 81,911 కోట్ల అంచనా 1.47 లక్షల కోట్లకు మించేలా ఉందని, పెట్టే ప్రతి రూపాయికి వచ్చేది 52 పైసలేనని తేల్చింది. పంపులన్నీ పూర్తిగా తిరిగితే ఏటా కరెంటుకే 10 వేల కోట్లకు పైగా కావాలి. యంత్రాల ధరల దగ్గర కాగ్ ఇంకో మాట చెప్పింది. పంపులు, మోటార్ల అసలు ధర కనుక్కోకుండానే అంచనాలు వేసినందువల్ల నాలుగు పనుల్లో కాంట్రాక్టర్లకు కనీసం 2,684 కోట్ల అనుచిత లబ్ధి జరిగి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేమంది. తీర్పు చెప్పే అధికారం కాగ్‌కు లేదు. అయినా ప్రశ్న గురిచూసి అడిగింది.

ఈ పథకంపై విచారణ జరిపిన జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ 2025 జులై 31న నివేదిక ఇచ్చింది. ఆగస్టు 31న మొదలైన అసెంబ్లీ చర్చ అర్ధరాత్రి దాటాక దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తామని ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రకటించారు. కమిషన్ చూసింది ప్రధానంగా బరాజ్‌లను.

966 కోట్లు

2024 ఫిబ్రవరి 15న ఎన్నికల బాండ్ల పథకాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. మార్చిలో బాండ్ల జాబితా బయటికొచ్చింది. దేశంలో అత్యధికంగా కొన్నవాళ్లలో లాటరీ వ్యాపారి శాంటియాగో మార్టిన్ కంపెనీ మొదటి స్థానంలో ఉంది, 966 కోట్లతో మేఘా రెండో స్థానంలో ఉంది. దాని అనుబంధ సంస్థ వెస్టర్న్ యూపీ పవర్ ట్రాన్స్‌మిషన్ మరో 220 కోట్లు కొంది.

ఎవరికిచ్చారన్నది ఇంకా ముఖ్యం. మేఘా నుంచి బీజేపీకి దాదాపు 584 కోట్లు, బీఆర్ఎస్‌కు 195 కోట్లు, డీఎంకేకు 85 కోట్లు వెళ్లాయి. వైసీపీకి, టీడీపీకి, కాంగ్రెస్‌కూ అందాయి. కృష్ణా, గోదావరి నీళ్ల మీద ఒకరినొకరు తిట్టుకునే పార్టీలన్నీ ఈ ఒక్క పద్దులో పక్కపక్కనే ఉన్నాయి. ఇదంతా అప్పటి చట్టం ప్రకారం నేరం కాదు. 2023 ఏప్రిల్‌లో పెద్ద ఎత్తున బాండ్లు కొన్నారని, మే నెలలో మహారాష్ట్రలో 14,400 కోట్ల ఠాణే–బోరీవలీ జంట సొరంగాల పని దక్కిందని లాయర్ ప్రశాంత్ భూషణ్ లాంటివాళ్లు తేదీలు పక్కపక్కన పెట్టి చూపారు. బాండ్లపై ప్రత్యేక దర్యాప్తు బృందం కావాలన్న పిటిషన్లను 2024 ఆగస్టు 2న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

బాండ్ల జాబితా వచ్చిన నెలకే, 2024 ఏప్రిల్‌లో, సీబీఐ మేఘా మీద ఎఫ్ఐఆర్ పెట్టిన సంగతి బయటికొచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లోని జగ్దల్‌పూర్ ఉక్కు కర్మాగారానికి సంబంధించిన 315 కోట్ల పనిలో 174 కోట్ల బిల్లుల కోసం అధికారులకు దాదాపు 78 లక్షలు లంచాలిచ్చారన్నది ఆరోపణ. ఆరోపణ కోర్టులో రుజువు కావాలి. అంతవరకు అది ఆరోపణే.

టీవీ9 సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. 2018లో అలందా మీడియా ద్వారా ఆ చానల్‌లో మెజారిటీ వాటా మై హోమ్ రామేశ్వరరావుతో పాటు కృష్ణారెడ్డి చేతికి వచ్చింది. ప్రభుత్వ పనులు చేసే పెద్ద కంపెనీల యజమానులే వార్తాచానళ్ల యజమానులైతే గోడ కూలిన వార్త ఎంతసేపు నడుస్తుందన్నది జర్నలిస్టుల గొడవ మాత్రమే కాదు, మునిగిన పొలం ఉన్న రైతు గొడవ కూడా.

ఎవరొచ్చినా

2015లో పట్టిసీమ ఎత్తిపోతలను ఏడాదిలోపే నడిపించి మేఘా రికార్డు పుస్తకాల్లోకెక్కింది. అప్పటి చంద్రబాబు ప్రభుత్వం గడువుకు ముడిపెట్టి ఇచ్చిన బోనస్ మీద వైసీపీ నిప్పులు చెరిగింది. అదే వైసీపీ 2019లో గద్దెనెక్కాక నవయుగను తప్పించి, రివర్స్ టెండర్‌లో ఒకే ఒక్క బిడ్‌దారుగా వచ్చిన మేఘాకు పోలవరం అప్పగించింది. 628 కోట్లు ఆదా అయ్యాయని చెప్పుకుంది. 2024లో టీడీపీ తిరిగొచ్చింది, పోలవరంలో మేఘా కొనసాగింది.

తెలంగాణలోనూ అంతే. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు రేవంత్‌రెడ్డి మేఘా పేరెత్తి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌ను నిలదీశారు. ఆయన ముఖ్యమంత్రి అయ్యాక కొడంగల్ ఎత్తిపోతల పనిలో వాటా మేఘాకు దక్కింది. 2024 ఆగస్టు 2న నాగార్జునసాగర్ దగ్గర, హైదరాబాద్ తాగునీటి కోసం మేఘా కడుతున్న సుంకిశాల ఇన్‌టేక్ వెల్ గోడ కూలింది. కార్మికులు షిఫ్టు మారే వేళ కాబట్టి ప్రాణాలు దక్కాయి. వారం దాకా విషయం బయటికి పొక్కలేదు. ఈసారి కంపెనీని బ్లాక్‌లిస్టులో పెట్టాలన్నది బీఆర్ఎస్ నేత కేటీఆర్. ఆ ఏడాదే స్కిల్ యూనివర్సిటీ భవనాల కోసం మేఘా 200 కోట్లు ఇస్తానంది, ప్రభుత్వం తీసుకుంది.

పిచ్చిరెడ్డి, కృష్ణారెడ్డి కష్టపడి ఎదిగారు, అందులో సందేహం లేదు. జోజిలా కనుమ కింద సొరంగం తవ్వుతున్నారు, ఒలెక్ట్రా పేరుతో కరెంటు బస్సులు తయారుచేస్తున్నారు. చేతకానివాళ్లకు అంతంత పనులు సాగవు. తప్పు వాళ్ల ఎదుగుదలలో వెతికితే దొరకదు. పనిచ్చేవాడు, పని చేసేవాడు, చందా ఇచ్చేవాడు, చందా పుచ్చుకునేవాడు, చివరికి వార్త చెప్పేవాడు కూడా ఒకే బల్ల చుట్టూ కూర్చోగలిగిన ఏర్పాటులో ఉంది. ఆ బల్ల దగ్గర చెన్నూరు రైతుకు కుర్చీ లేదు.

శ్రీరాంపూర్ చుట్టుపక్కల వాళ్ల కోపం అక్కడే. పాత ప్రాణహిత–చేవెళ్ల పథకంలో తుమ్మిడిహట్టి నుంచి కాలువ ఉమ్మడి ఆదిలాబాద్ భూముల గుండా రావాల్సింది. మేడిగడ్డకు మార్చాక తవ్విన కాలువలు తుప్పలు మొలిచి మిగిలాయి. నీళ్లు ఎదురుగానే పోయాయి, ముంపు ఇక్కడికొచ్చింది, ఆయకట్టు వేరే జిల్లాలకు పోయింది. 2023 జూన్ 9న నస్పూర్‌లో కొత్త కలెక్టరేట్ ప్రారంభించిన రోజే చెన్నూరు ఎత్తిపోతలకు కేసీఆర్ శంకుస్థాపన చేశారు. 1,658 కోట్లు, 90 వేల ఎకరాలు అన్నారు. నీళ్లు తీసుకోవాల్సింది ఆ మూడు బరాజ్‌ల నుంచే. నాలుగు నెలలకే మేడిగడ్డ కుంగింది.

ఇప్పుడు తుమ్మిడిహట్టి మాట మళ్లీ వినిపిస్తోంది. మళ్లీ అంచనాలు, మళ్లీ టెండర్లు, బహుశా మళ్లీ అవే కంపెనీలు. రానివ్వండి. కానీ ఈసారి పంపు కొన్న ధరెంత, అంచనాలో రాసిన ధరెంత, డిజైన్ మీద సంతకం ఎవరిది, గోడ కూలితే కట్టేదెవరు అన్న నాలుగు వివరాలు తెలుగులో రాసి, పని మొదలయ్యే ముందే నస్పూర్ కలెక్టరేట్ నోటీసు బోర్డు మీద పెట్టాలి. బాయిల మీద పంపులు నడిపిన మనుషులు ఆ కాగితం చదవగలరు. ఏది ఎక్కువ రాశారో, ఏది తక్కువ రాశారో కాగ్ కంటే ముందే చెప్పగలరు.