కాలరేఖ

చరిత్ర చదువువారికి తేదీలు భారముగా తోచుట సహజము. రాజుల పేర్లను, యుద్ధములను, సంవత్సరములను వరుసగా వల్లించి, పరీక్ష ముగియగానే మఱచిపోవువారు అనేకులు. దోషము తేదీలలో లేదు. వానిని విడివిడిగా నేర్చుటలో ఉన్నది. ఒక సంఘటనను మఱియొక సంఘటన ప్రక్కన ఉంచి, ఏది ముందో, ఏది వెనుకో, దేనివలన ఏది కలిగెనో విచారించినప్పుడే తేదీ సార్థకమగును. అట్లు విచారించుటకు ఏర్పడిన సాధనమే కాలరేఖ.

ఇంగ్లండు దేశస్థుడగు జోసెఫ్ ప్రీస్ట్లీ 1765లో ఒక పెద్ద పటమును ప్రకటించెను. అందులో సుమారు రెండువేల మంది ప్రసిద్ధుల జీవితములు గీతలుగా చూపబడెను. గీత ఎంత పొడవో ఆయువంత. పుట్టిన యేడుగాని గతించిన యేడుగాని నిశ్చయముగా తెలియనిచోట ఆయన చుక్కలు పెట్టెను. ఈ చుక్కలు అల్పవిషయము కావు. తెలిసినదానిని తెలిసినట్లును, సందిగ్ధమైనదానిని సందిగ్ధమైనట్లును చూపుట చరిత్రకారునికి ప్రథమధర్మము.

నేడు ఈ పనికి కంప్యూటరు తోడ్పడుచున్నది. కాలరేఖలను కూర్చు సాఫ్ట్‌వేర్‌లు పలు విధములుగా ఉన్నను వాని మూలసూత్రమొక్కటే. ప్రతి సంఘటనకు ఒక పత్రముండును. అందు సంఘటన పేరు, ఆరంభకాలము, ముగింపుకాలము, స్థలము, వివరణము, ఆధారము అను గడులుండును. ఆ గడులను నింపినచో యంత్రము సంఘటనలను కాలక్రమమున అమర్చి చూపును. మఱియొక సౌకర్యము కూడ కలదు: ఒక పత్రమునుండి వేఱొక పత్రమునకు ముడి వేయవచ్చును. అయితే ఏ గడిలో ఏమి వ్రాయవలెనో, ఏ ముడి న్యాయమైనదో యంత్రమునకు తెలియదు. అది వ్రాయువాని బాధ్యత.

హైదరాబాదు పాతబస్తీలో మూసీకి దక్షిణమున సంతోష్‌నగర్ అను పేట కలదు. ఒకవైపు సైదాబాదు, ఒకవైపు చంపాపేట, ఒకవైపు కంచన్‌బాగ్ దానికి ఇరుగుపొరుగులు. అచ్చటి విద్యార్థి యొకడు తన నగరపు కాలరేఖను కూర్పబూనెనని అనుకొందము. అతడు మొదట వ్రాయగోరునది చార్మినారు. దాని నిర్మాణకాలము హిజ్రీ 1000 అని ప్రసిద్ధి. హిజ్రీ 1000వ సంవత్సరము క్రీ.శ. 1591 అక్టోబరు 19న ఆరంభమై 1592 అక్టోబరు మొదటివారములో ముగిసెను. కావుననే కొన్ని గ్రంథములలో 1591 అనియు, కొన్నింటిలో 1591–92 అనియు కనబడును. ఇందు విరోధము లేదు. ఒక యేడు రెండేండ్లమీద పఱచుకొన్నది, అంతియే.

ఇక్కడనే ఒక ప్రమాదము పొంచియున్నది. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు సంవత్సరము మాత్రమే ఇచ్చినచో నెలను, దినమును తామే జనవరి 1గా భావించుకొనును. 1591 జనవరి 1 నాటికి హిజ్రీ 1000 ఇంకను రానే లేదు. అప్పుడు నడుచుచున్నది హిజ్రీ 999. అనగా ఎవరును చెప్పని అసత్యమొకటి పత్రములోనికి తానుగా చేరును. దీనిని నివారించుటకు మేలైన సాఫ్ట్‌వేర్‌లలో ప్రతి తేదీకి ఖచ్చితత్వమును గూడ తెలుపు వీలుండును: దినము వఱకు తెలియునా, నెల వఱకా, సంవత్సరము వఱకా, శతాబ్దము వఱకా? 2012లో ఆరంభమైన వికీడేటా అను సమాచారనిధిలో ఈ ఏర్పాటు కలదు. తేదీ ఏ పంచాంగమునకు చెందినదో కూడ అందు గుర్తింపవచ్చును.

పంచాంగముల గుర్తింపు హైదరాబాదు చరిత్రకు మిక్కిలి అవసరము. ఈ నగరమున హిజ్రీ, ఫసలీ, క్రీస్తు శకము, శాలివాహన శకము అన్నియు వ్యవహారములో నుండెను. మూసీ మహావరద వచ్చిన 1908వ సంవత్సరమే హిజ్రీ 1326, ఫసలీ 1317, తెలుగువారి లెక్కలో కీలక నామ సంవత్సరము. చార్మినారు కట్టిన యేటికిని వరద వచ్చిన యేటికిని అంతరమెంత? హిజ్రీ సంఖ్యలను తీసివేసినచో 326 వచ్చును. క్రీస్తు శకమున లెక్కించినచో సుమారు 317 మాత్రమే. హిజ్రీ సంవత్సరము చాంద్రమానమగుటచే సౌరవర్షముకంటె సుమారు పదునొకండు దినములు తక్కువ. ఆ తక్కువయే మూడు శతాబ్దములలో తొమ్మిదేండ్లుగా పెరిగినది. కీలక నామ సంవత్సరమని మాత్రమే వ్రాసినను చాలదు. అరువదేండ్లకొకమాఱు ఆ పేరే తిరిగివచ్చును. 1848 కీలకమే, 1968 కీలకమే.

ఐరోపావారి తేదీలలో సైతము ఇట్టి చిక్కు కలదు. ఇంగ్లీషువారు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను మచిలీపట్నమున వర్తకస్థానములు నెలకొల్పిరి. ఫ్రెంచివారు గ్రెగరీ పంచాంగమును 1582లోనే స్వీకరించిరి; ఇంగ్లీషువారు 1752 వఱకు పాత పంచాంగమునే పాటించిరి. కావున పదునేడవ శతాబ్దమున ఒకే రేవులో, ఒకే ఉదయమున వ్రాసిన రెండు లేఖలమీద పది దినముల తేడా కనబడును. ఈ సంగతి నెఱుగనివాడు ఫ్రెంచి లేఖ తరువాతిదని భ్రమించును.

తేదీలు సరిగా కుదిరిన పిదప ముడులు వేయవలెను. ఒక ప్రసిద్ధకథను పరీక్షించినచో ముడి విలువ తెలియును. యువరాజు మహమ్మద్ కులీ భాగమతిని చూచుటకై పొంగుచున్న మూసీని దాటెననియు, కుమారుని క్షేమముకోరి తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షా పురానాపూల్ అను వంతెనను కట్టించెననియు జనులు చెప్పుదురు. వంతెన నిర్మాణము 1578లో జరిగెను. మహమ్మద్ కులీ 1565 ప్రాంతమున జన్మించి, 1580లో రాజ్యమునకు వచ్చెను. ఈ మూడు తేదీలను ఒకే రేఖమీద నుంచినచో, వంతెన పూర్తియగునాటికి యువరాజునకు సుమారు పదమూడేండ్లని తెలియును. నదిని దాటిన సాహసము అంతకుముందే జరిగియుండవలెను గదా! కథ మధురముగా నున్నను తేదీలు దానిని బలపఱుపవు. హరూన్ ఖాన్ షేర్వానీ వంటి చరిత్రకారులు ఈ వృత్తాంతమును సందేహించిరి. అట్లని కథను పాఱవేయ నక్కఱలేదు. దానిని ‘జనశ్రుతి’ అను గుర్తుతో ప్రత్యేకపత్రముగా నుంచి, వంతెనతో ‘కారణము’ అను ముడి వేయకుండినచో చాలును.

కారణమను ముడి ఎప్పుడు న్యాయమగును? 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచివేసెను. సుమారు పదునైదువేల మంది మరణించిరని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ విపత్తు మఱల రాకుండ ఉపాయము చెప్పుటకై నిజాం ప్రభుత్వము 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించెను. నగరమునకు ఎగువన జలాశయములు కట్టి వరదనీటిని నిలుపవలెనని ఆయన సూచించెను. దాని ఫలితముగా మూసీపై 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీపై 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియయ్యెను. ఇచ్చట వరదకు, నివేదికకు, జలాశయములకు కారణమను ముడి వేయవచ్చును. ఆ నివేదికయే అందులకు ఆధారము. 1911లో మీర్ మహబూబ్ అలీ ఖాన్ మరణించి, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కెను. ఆ సంఘటన నివేదిక తరువాత జరిగినది, జలాశయములకు ముందు జరిగినది. అయినను నివేదికకు ఫలము కాదు, జలాశయములకు హేతువు కాదు. ముందు జరిగిన ప్రతిదియు తరువాతిదానికి కారణమని తలచుట, కోడి కూయుటచేతనే తెల్లవాఱెననుట వంటిది.

2020 అక్టోబరులో హైదరాబాదున కుండపోతగా వాన కురిసెను. ఆ నెలలోనే బాలాపూర్ ప్రాంతపు గుఱ్ఱం చెరువు కట్ట తెగి, సంతోష్‌నగర్‌కు అంత దూరముకాని హఫీజ్ బాబా నగర్ మొదలగు పేటలు జలమయమయ్యెను. దీనిని 1908 వరదతో ఎట్లు ముడివేయవలెను? రెండును వరదలే, కావున ‘పోలిక’ అను ముడి తగును. కాని మొదటిది నది పొంగుటవలన వచ్చినది. ఈ పేటలను ముంచినది చెరువు తెగుటవలన వచ్చినది. ఈ భేదమును గుర్తింపనివాడు, నదికి ఎగువన జలాశయములున్నవి గదా, ఇక భయమేమియని నిశ్చింతగా కూర్చుండును. చెరువు ఎచ్చటనున్నది, దాని నీరు పోవుదారి ఏది, ఆ దారిలో ఇండ్లు ఎప్పుడు వెలసెను అను ప్రశ్నలు అతనికి తోచనే తోచవు.

ఈ ప్రశ్నలకు సమాధానములు గ్రంథములలో కంటె పెద్దల జ్ఞాపకములలోనే ఎక్కువగా దొరకును. వారు తేదీలు చెప్పరు. “పోలీసు చర్యకు ముందు”, “రాష్ట్రములు కలిసిన తరువాత”, “పెద్దవాడు పుట్టిన యేట” అని చెప్పుదురు. వీనిని తృణీకరింపరాదు. పోలీసు చర్య 1948 సెప్టెంబరులో జరిగెను. ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న ఏర్పడెను. ఈ రెండు గుంజలు పాతిన పిదప వృద్ధుల మాటకు వాని నడుమ చోటు దొరకును. ‘1948కి తరువాత, 1956కి ముందు’ అని వ్రాసినను అది సత్యమైన తేదీయే. 1951 అని ఊహించి వ్రాసినచో అది అందమైన అబద్ధము. మాట చెప్పినవారెవరు, ఎప్పుడు చెప్పిరి అనునది ఆధారపు గడిలో చేర్పవలెను. వేఱొకరు భిన్నముగా చెప్పినచో మొదటిదానిని కొట్టివేయక, రెండవదానిని దాని ప్రక్కన నిలుపవలెను.

యంత్రము వేలకొలది తేదీలను క్షణములో పేర్చగలదు. అందులో ఒకటి తప్పైనను అదే శ్రద్ధతో పేర్చును. కావున కాలరేఖను కూర్పబూనిన విద్యార్థి ప్రతి తేదీవద్ద ఇది ఏ పంచాంగమునది, ఎంతవఱకు నిశ్చితము, ఎవరు చెప్పినది అని అడుగవలెను. ప్రతి ముడివద్ద ఇది వరుసయా, పోలికయా, కారణమా అని అడుగవలెను. సంతోష్‌నగర్ వంటి పేటలో ఒక చెరువుకట్టను గూర్చి, ఒక కాలువను గూర్చి ఇట్లు వ్రాసియుంచిన పది పత్రములు, రాబోవు వానకాలమున అచ్చటి ఇంటివారికి అక్కఱకు వచ్చును.