వైర్‌లెస్ నెట్‌వర్క్‌లు – భద్రత

2008 జూలై 26న అహ్మదాబాద్‌లో వరుస బాంబు పేలుళ్ళు జరిగాయి. వాటికి కొద్ది నిమిషాల ముందు వార్తా సంస్థలకు ఒక ఈ-మెయిల్ అందింది. దాని ఐ.పి. చిరునామాను బట్టి పోలీసులు నవీ ముంబయిలోని ఒక ఇంటికి చేరుకున్నారు. రక్షణ లేని ఆ ఇంటి వైఫైని ఇతరులు వాడుకున్నారని దర్యాప్తులో తేలింది. మీ వైఫై ద్వారా ఎవరు ఏం చేసినా, ముందుగా కనిపించేది మీ చిరునామాయే.

ఇది ఎలా సాధ్యం?

వైఫై రూటర్ సమాచారాన్ని రేడియో తరంగాల రూపంలో పంపుతుంది. ఈ తరంగాలు గోడలు దాటి వీధిలోకి కూడా వెళతాయి. తీగలో ప్రవహించే సమాచారాన్ని దొంగిలించాలంటే ఆ తీగను చేరుకోవాలి. తరంగాల విషయంలో వాటి పరిధిలో ఉంటే చాలు. అందువల్లనే సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చి పంపుతారు. దీనినే ఎన్‌క్రిప్షన్ అంటారు.

1997లో వచ్చిన ‘వెప్’ పద్ధతిలోని లోపాలు 2001 నాటికే బయటపడ్డాయి. దాని స్థానంలో 2003లో డబ్ల్యు.పి.ఎ., 2004లో డబ్ల్యు.పి.ఎ.2, 2018లో డబ్ల్యు.పి.ఎ.3 వచ్చాయి. అయితే డబ్ల్యు.పి.ఎ.2 ఉన్నా పాస్‌వర్డ్ సులభమైనదైతే ప్రయోజనం తక్కువ. మీ ఫోన్ రూటర్‌తో కలిసే క్షణంలోని సంకేతాలను నమోదు చేసుకున్న వ్యక్తి, తరువాత తీరికగా కంప్యూటర్‌తో లక్షల పదాలను ప్రయత్నించి చూడగలడు.

బహిరంగ ప్రదేశాలలో

రైల్వే స్టేషన్‌లోనో, హోటల్‌లోనో కనిపించే నెట్‌వర్క్ పేరును ఎవరైనా పెట్టుకోవచ్చు. అదే పేరుతో మరొకరు నకిలీ నెట్‌వర్క్ నడిపితే మీ ఫోన్ దానికే కలవవచ్చు. నేడు చాలా వెబ్‌సైట్లు హెచ్.టి.టి.పి.ఎస్. వాడుతున్నందున మీరు పంపే విషయాన్ని మధ్యలో చదవడం కష్టం. కాని మీరు ఏ సైట్‌కు వెళుతున్నారో తెలిసిపోవచ్చు. నకిలీ లాగిన్ పేజీని మీ ముందుంచవచ్చు. బ్రౌజర్‌లోని తాళం గుర్తు దారి భద్రమని మాత్రమే చెబుతుంది, అవతలివాడు నిజాయితీపరుడని కాదు.

మీరు చేయవలసినవి

1. రూటర్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్‌ను మార్చండి.
2. డబ్ల్యు.పి.ఎ.2 లేదా డబ్ల్యు.పి.ఎ.3 ఎంచుకొని, ఊహకందని పొడవైన పాస్‌వర్డ్ పెట్టండి. ఫోన్ నంబరు, ఇంటి పేరు వద్దు.
3. రూటర్ సాఫ్ట్‌వేర్‌ను తాజాగా ఉంచండి.
4. బహిరంగ నెట్‌వర్క్‌లకు ఫోన్ దానంతట అదే కలవకుండా సెట్టింగ్ మార్చండి.
5. బ్యాంకు లావాదేవీలకు మొబైల్ డేటా వాడండి. వైఫై కోసం ఎవరైనా బ్యాంకు ఓ.టి.పి. అడిగితే ఇవ్వకండి.

ఈ రోజే మీ ఇంటి రూటర్ సెట్టింగులు తెరవండి. అందులో ఏ రక్షణ పద్ధతి ఉందో చూసి, ఇంట్లో పెద్దలకు కూడా వివరించండి.