నిలువు తెర వెనుక నిలబడేదెవరు?

రాత్రి వంటిల్లు సర్దుకుని, పిల్లల్ని పడుకోబెట్టి, కాసేపు ఫోన్ చేతిలోకి తీసుకుంటాం. ఎక్కడి నుంచో ఓ సీరియల్ ముక్క వచ్చి పడుతుంది. పీటల మీద పెళ్ళి ఆగిపోతుంది. ఇంటి డ్రైవరే అసలు కోటీశ్వరుడని తేలుతుంది. కోడలి మీదికి అత్తగారు చెయ్యెత్తుతుంది... అంతే, ఎపిసోడ్ అయిపోయింది! ఆ చెయ్యి దిగిందో ఆగిందో తెలియకుండా నిద్ర పడుతుందా? ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకుంటూనే గంట గడిచిపోతుంది.

వీటినే వర్టికల్ డ్రామాలు, మైక్రో డ్రామాలు అంటున్నారు. ఫోన్‌ని అడ్డంగా తిప్పే పనిలేకుండా నిలువుగానే చూసేలా తీసే బుల్లి సీరియళ్ళన్నమాట. ఒక్కో ఎపిసోడ్ నిమిషం, రెండు నిమిషాలు. ఒక కథకి అలాంటివి యాభై నుంచి వంద దాకా ఉంటాయి. మొదటి కొన్ని ఉచితం. కథ మంచి పట్టుమీద ఉండగా యాప్ డబ్బు కట్టమంటుంది.

తెర మీద ఏడ్చే కథానాయికను అందరం చూస్తాం. ఆమె చీర కుచ్చిళ్ళు సర్దినవారు, మేకప్ చెదరకుండా కన్నీళ్ళు అద్దినవారు, డైలాగు అందించినవారు కూడా ఉంటారుగా? వారిలో ఆడవాళ్ళూ ఉన్నారు. ఈ పనిలోకి రావాలనుకునే అమ్మాయిలూ పెరుగుతున్నారు. అందుకే ఈ వారం తెర వెనుక సంగతులు మాట్లాడుకుందాం.

చైనా నుంచి సైబరాబాద్ దాకా

ఈ ముచ్చట బాగా వేళ్ళూనుకున్నది చైనాలో. 2024లో అక్కడ ఈ చిట్టి నాటకాల వ్యాపారం 5,000 కోట్ల యువాన్లు దాటింది. ఆ ఏడాది ఆ దేశపు సినిమాహాళ్ళ వసూళ్ళకంటే అది ఎక్కువ! అమెరికాలో 2022లో వచ్చిన రీల్‌షార్ట్ ఇదే బాటలో నడిచింది. మన దేశంలో కుకు టీవీ, స్టోరీ టీవీ లాంటి యాప్‌లు వచ్చాయి. హైదరాబాద్‌కి చెందిన చాయ్ బిస్కెట్ సంస్థ 2025లో చాయ్ షాట్స్ పేరుతో అచ్చంగా తెలుగు చిన్న సీరియళ్ళకే ఓ వేదిక పెట్టింది. 'రైటర్ పద్మభూషణ్', 'మేమ్ ఫేమస్' సినిమాలు తీసినవారు వీరే.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు మాదాపూర్ అంటే కంప్యూటర్లే. ఇప్పుడు ఆ చుట్టుపక్కలే ఈ కథలకు కావలసిన సరంజామా అంతా ఉంది. మైక్రో డ్రామాల్లో హీరో తరచుగా కంపెనీ బాసే కదా! ఆయనకో అద్దాల ఆఫీసు కావాలి, విల్లా కావాలి, కాఫీ షాపు కావాలి. గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడల్లో ఇవన్నీ అద్దెకు దొరికేవే. ఎడిటింగ్ తెలిసిన కుర్రకారుకీ కొదవలేదు. సినిమా పనివాళ్ళుండే కృష్ణానగర్ కూడా మరీ దూరం కాదు.

పొడుగు ఫ్రేములో కొత్త చిక్కులు

ఫ్రేము నిలువుగా ఉంటే పని తీరే మారిపోతుంది. సినిమా తెర మీద నలుగురు పక్కపక్కన నిలబడొచ్చు. ఇక్కడ ఇద్దరు నిలబడితేనే ఇరుకు. అందుకే ఒకరు కూర్చుంటే వెనకాల ఒకరు నిలబడతారు. లేదంటే ముఖాల క్లోజప్‌లే. కాస్ట్యూమ్స్ చూసే అమ్మాయికి చీర అంచుకంటే మెడ దగ్గరి పని, చెవి కమ్మలు, జాకెట్టు చేతులు ముఖ్యమవుతాయి. మేకప్‌లో చిన్న అతుకు ఉన్నా ఫోన్‌లో ఇట్టే తెలిసిపోతుంది. తల పైన కూడా బోలెడంత చోటు కనిపిస్తుంది కాబట్టి, పైనుంచి మైకు దించితే ఫ్రేములో పడుతుంది. అందుకని దుస్తుల్లో దాచే చిన్న మైకులు వాడతారు. చీరలో మైకు ఎక్కడ దాచాలో, పమిట సవరించుకున్నా గరగరలాడకుండా ఎలా బిగించాలో తెలిసిన ఆడమనిషి సెట్లో ఉంటే నటికీ ఇబ్బంది ఉండదు.

తెర కింది భాగంలో అక్షరాలు, బొత్తాలు వస్తాయి. ముఖ్యమైన వస్తువేదీ అక్కడ పడకూడదు. ఉత్తరమైనా, ఉంగరమైనా గుండె ఎత్తుకు పట్టుకోవాల్సిందే!

కంటిన్యుటీ అంటే మన విద్యే

సినిమాకు నెలలు పడితే ఈ సీరియళ్ళు వారం, పది రోజుల్లో తీసేస్తుంటారు. ఒక విల్లా అద్దెకు తీసుకున్నారంటే, ఆ ఇంట్లో జరిగే సీన్లన్నీ వరసబెట్టి కానిచ్చేస్తారు. పొద్దున మూడో ఎపిసోడ్, మధ్యాహ్నం నలభయ్యోది, సాయంత్రం పన్నెండోది. ఏ సీన్లో ఏ చీర, ఏ చేతికి కట్టు, అప్పటికి మెళ్ళో తాళి పడిందా లేదా... ఇవన్నీ ఒకరు రాసుకుని, ఫోటోలు తీసి పెట్టుకోవాలి. కంటిన్యుటీ అనే ఈ పని తప్పిందా, యాభై ఎపిసోడ్ల కథ నవ్వులపాలే.

నలుగురి టిఫిన్ డబ్బాలు, స్కూలు డైరీలు, గ్యాసు బుకింగు, మందుల చీటీలు ఒకేసారి బుర్రలో పెట్టుకునే ఇల్లాలికి ఇదేమంత కొత్త విద్య చెప్పండి? కంటిన్యుటీ, కాస్ట్యూమ్స్, సబ్‌టైటిళ్ళు, డబ్బింగు, స్క్రిప్టు... వీటికి సినిమా కుటుంబంలో పుట్టనక్కరలేదు. శ్రద్ధ, ఓపిక ఉండి, నేర్చుకుంటే చాలు.

ప్రతి నిమిషానికీ ఓ కొస

కథలు రాసుకునేదాన్ని కాబట్టి ఈ రాత మీద నాకు ఆసక్తి ఎక్కువ. కథలో మలుపు కోసం పాఠకులు చివరిదాకా ఓపిక పడతారు. వారపత్రికల రోజుల్లో యద్దనపూడి సులోచనారాణి, యండమూరి వీరేంద్రనాథ్ సీరియళ్ళ కోసం వారమంతా ఎదురుచూసేవారు. ఇక్కడ నిమిషంన్నరకో కొస పెట్టాలి. అరవై ఎపిసోడ్లంటే అరవై కొసలు. తేలికనుకునేరు! పాత్రను అబద్ధం చేయకుండా అన్నిసార్లు ఉత్కంఠ తేవడం కత్తిమీద సామే.

ఆ మధ్య ఒక యూనిట్ వారు నన్నూ అడిగారు. 'ముందు శాంపిల్‌గా పది ఎపిసోడ్లు పంపండి మేడమ్, నచ్చితే మాట్లాడుకుందాం' అన్నారు. పది ఎపిసోడ్లంటే కథ మొత్తం తెలిసిపోయినట్టే. ఒక్క పేజీ సారాంశం ఇస్తాను, మిగతాది అగ్రిమెంటు అయ్యాక అన్నాను. మళ్ళీ ఫోన్ రాలేదు. పోతేపోనీ, కథ నా దగ్గరే ఉంది.

నోటిమాట మీద కూలి

అసలు కష్టం ఇక్కడే ఉంది. పని వేగం, బడ్జెట్ తక్కువ. పన్నెండు గంటల రోజు పద్నాలుగవుతుంది. 'ప్యాకప్ అయ్యాక గూగుల్ పే చేస్తాం' అన్న మాట వాట్సాప్‌లోనే మిగిలిపోతుంది. పెద్ద సినిమాల్లోనైతే కార్మికులకు ఫెడరేషన్ ఉంది. 2025 ఆగస్టులో 30 శాతం వేతన పెంపు కోరుతూ తెలుగు సినీ కార్మికులు పద్ధెనిమిది రోజులు షూటింగులు ఆపగలిగారు. ఫ్లాట్లలో గుట్టుగా తీసే చిన్న యూనిట్లో యూనియన్ కార్డు లేని అమ్మాయి వైపు మాట్లాడేదెవరు?

పైగా యాప్‌లు వచ్చినంత వేగంగా పోనూవచ్చు. ఫోన్‌లో చిన్న చిన్న కార్యక్రమాలు చూపిస్తామంటూ అమెరికాలో 2020 ఏప్రిల్‌లో కోట్ల డాలర్లతో వచ్చిన క్విబీ, ఆ ఏడాది డిసెంబర్‌కల్లా మూతపడింది. పెద్దవాళ్ళ గతే అదైతే, డబ్బు 'తర్వాత' అన్న మాటని ఎంత నమ్మాలి?

ఇంకోటి, చిన్నదిగా కనిపించే పెద్ద సంగతి. బాత్రూము! 2024లో బయటికొచ్చిన కేరళ జస్టిస్ హేమ కమిటీ నివేదిక, సెట్లలో మరుగుదొడ్లు లేక ఆడవాళ్ళు మంచినీళ్ళు తాగడమే మానుకుంటున్నారని చెప్పింది. ముప్ఫైమంది యూనిట్‌కి ఒక ఫ్లాట్, ఒక బాత్రూము అయితే మన ఊళ్ళోనూ అంతేగా.

చట్టం ఏమంటోంది?

కొత్త కార్మిక చట్టాలు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటిలో వృత్తి భద్రతకు సంబంధించిన కోడ్, డిజిటల్ నిర్మాణాలను కూడా లెక్కలోకి తీసుకుంది. రాతపూర్వక ఒప్పందం లేకుండా ఆడియో విజువల్ కార్మికుల చేత పని చేయించకూడదంది. డబ్బింగు కళాకారులు కూడా అందులోకే వస్తారు. సాయంత్రం ఏడు తర్వాత, ఉదయం ఆరుకి ముందు ఆడవాళ్ళు పనిచేయాలంటే వారి అంగీకారం, తగిన భద్రత ఉండాలి. మామూలుగా ఈ కోడ్ పదిమంది, అంతకు పైన పనిచేసే చోట్లకు వర్తిస్తుంది.

లైంగిక వేధింపుల విషయంలో 2013 చట్టం ఉంది. పదిమంది లేదా అంతకుమించి పనిచేసేచోట అంతర్గత కమిటీ వేయాలి. మా యూనిట్లో ఎనిమిదిమందే అంటారా? అప్పుడు జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. యజమాని మీదే ఫిర్యాదైనా అక్కడికే వెళ్ళాలి. మామూలుగా మూడు నెలల్లోపు రాసివ్వాలి. షీ టీమ్స్ ఎలాగూ ఉన్నాయి.

వెళ్ళేముందు అడగండి

రోజుకి ఎంత? ఎన్ని గంటలు? గంటలు దాటితే ఎంత? డబ్బు ఏ తేదీకి ఇస్తారు? ఇవి కాగితం మీదికి రావాలి. కనీసం మెసేజ్ రూపంలోనైనా తెప్పించుకుని భద్రపరచుకోండి. లొకేషన్ అడ్రసు, నిర్మాణ బాధ్యత చూసేవారి పేరు, నంబరు ఇంట్లో ఇచ్చి వెళ్ళండి. రాత్రి ఆలస్యమైతే బండి ఎవరు ఏర్పాటు చేస్తారో ముందే తేల్చుకోండి. మెట్రో రాత్రంతా నడవదు. టైటిల్స్‌లో పేరు వేస్తారా అని అడగండి. తర్వాతి పనికి ఆ పేరే మీ సర్టిఫికెట్. డబ్బింగు చెప్పేవారైతే, మీ గొంతును కంప్యూటర్‌తో అనుకరించి వేరేచోట వాడబోమని రాయించుకోండి. అమెరికాలో నటీనటుల సంఘం 2025లో ఈ నిలువు సీరియళ్ళ కోసమే ప్రత్యేక ఒప్పందం తెచ్చింది. అక్కడ అవసరమైంది ఇక్కడ అక్కరలేకుండా పోతుందా?

ఇన్ని అడిగితే పని ఇవ్వరేమోనని భయం సహజం. పాలవాడి దగ్గర, కూరల బండి దగ్గర రూపాయికి రూపాయి లెక్క చూసుకునే మనం, మన రెక్కల కష్టం దగ్గర మాత్రం 'మీరెంతిస్తే అంత' అంటాం. ఆ మొహమాటం మీదే చాలామంది బడ్జెట్లు నడుస్తున్నాయి. కొత్త పని కొత్త తలుపులు తెరిచింది, సంతోషమే. కూలి ఎంతో, ఏ వేళకు ఇల్లు చేరతామో అడిగి తెలుసుకున్నాకే ఆ గడప దాటుదాం. ఏమంటారు?