సోమశిల ఒడ్డు నుంచి సముద్రపు దీవుల దాకా

కొల్లాపూర్ దగ్గరి సోమశిలకు మీరెప్పుడైనా ఎండాకాలంలో వెళ్ళారా? శ్రీశైలం జలాశయంలో నీరు తగ్గిన కొద్దీ ఒడ్డున ఒకదాని కింద ఒకటిగా గీతలు బయటపడతాయి. నీటిమట్టం ఎక్కడెక్కడ కొన్నాళ్ళు నిలిచిందో ఆ గీతలు చెబుతాయి. కొంచెం దగ్గరికి వెళ్ళి చూడండి. గీతల వెంట ఎండుపుల్లలతోపాటు పాలిథిన్ సంచులు, నీళ్ళ సీసాలు, తెగిన నైలాన్ వల ముక్కలు కూడా పడి ఉంటాయి.

వానాకాలంలో కృష్ణ పొంగితే ఇవన్నీ మళ్ళీ నీటిలో తేలుతాయి. శ్రీశైలం గేట్లు ఎత్తినప్పుడు కొన్ని దిగువకు కొట్టుకుపోతాయి. దారిలో నాగార్జునసాగర్, పులిచింతల, విజయవాడలోని ప్రకాశం బ్యారేజీ చాలా చెత్తను ఆపుతాయన్నది నిజమే. కాని పెద్ద వరద వస్తే ఆ గేట్లు కూడా ఎత్తక తప్పదు. ప్రకాశం బ్యారేజీ దాటిన కృష్ణ పులిగడ్డ దగ్గర చీలి, దివిసీమను చుట్టుకొని సముద్రంలో కలుస్తుంది. అక్కడ ఎదురుమొండి, నాచుగుంట వంటి దీవులున్నాయి. ఉప్పునీటిలో పెరిగే మడ అడవులున్నాయి. సముద్రపు తాబేళ్ళు వచ్చి గుడ్లు పెట్టే ఇసుక తిన్నెలున్నాయి.

సముద్రతీరాలనూ దీవులనూ కాపాడటానికి జీతం ఆశించకుండా పనిచేసే స్వచ్ఛంద సేవకులు అనేక దేశాల్లో ఉన్నారు. మన దేశంలోనూ ఉన్నారు. "చెత్త ఏరడానికీ, మొక్క నాటడానికీ చదువెందుకు? మంచి మనసుంటే చాలదా?" అని మీరు అడగవచ్చు. చాలదు. కారణం తెలియకుండా చేసిన సాయం ఒక్కొక్కసారి హాని చేస్తుంది. అదెలాగో చూద్దాం.

గుడ్డును తిప్పితే ఏమవుతుంది?

మన తూర్పు తీరానికి వచ్చే తాబేళ్ళలో ముఖ్యమైనది ఆలివ్ రిడ్లీ. చలికాలం చివర, సాధారణంగా జనవరి నుంచి మార్చి వరకు, ఆడ తాబేలు రాత్రివేళ ఒడ్డుకు వస్తుంది. వెనుక కాళ్ళతో ఇసుకలో సుమారు మూరెడు లోతు గుంట తవ్వి, నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తిరిగి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఆ గుడ్ల ముఖం చూడదు. కుక్కలు, నక్కలు ఆ గుంటను వాసన పట్టి తవ్వేస్తాయి. ఒక్కొక్కసారి అలలే కోసుకుపోతాయి.

అందుకే దివిసీమ తీరంలో అటవీశాఖవారు స్థానిక జాలరుల సాయంతో గుడ్లను సేకరించి, కంచె వేసిన చోట మళ్ళీ పాతిపెడతారు. మద్రాసు నగరంలో (నేటి చెన్నైలో) ఈ పని కోసం 1988లో విద్యార్థులే ఒక బృందంగా ఏర్పడ్డారు. తాబేళ్ళు వచ్చే కాలంలో రాత్రిపూట తీరం వెంట నడుస్తూ గుడ్ల గుంటలను వెదకడం వారి పని.

ఇక్కడే జాగ్రత్త కావాలి. కోడి పొదిగేటప్పుడు గుడ్లను అటూ ఇటూ దొర్లిస్తుంది కదా! తాబేలు గుడ్డు సంగతి వేరు. పెట్టిన కొద్ది గంటల్లోనే లోపలి పిండం గుడ్డు పైభాగపు పొరకు అతుక్కుంటుంది. ఆ తరువాత గుడ్డును తలకిందులు చేస్తే పిండం చనిపోవచ్చు. కనుక గుడ్లను ఆ రాత్రే, కుదుపు లేకుండా, తిప్పకుండా తరలించాలి. కొత్త గుంట లోతు కూడా పాత గుంట లోతుకు సరిపోవాలి. ఎందుకంటే పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడిని బట్టి నిర్ణయమవుతుంది. సుమారు 30 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఆడపిల్లలు ఎక్కువ, కింద మగపిల్లలు ఎక్కువ. మరీ వేడెక్కితే అసలు పిల్లలే దక్కవు.

దాదాపు 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. చీకటిలో సముద్రం మీది ఆకాశం కొంచెం వెలుతురుగా కనిపిస్తుంది. ఆ వెలుతురు వైపు పాకడం వాటి సహజ గుణం. ఒడ్డున వీధి దీపాలు వెలుగుతుంటే అవి దారి తప్పి రోడ్డువైపు వెళతాయి. వాటికి సాయపడాలని వచ్చినవారు పెద్ద టార్చిలైటు వేస్తే జరిగేదీ అదే! అందుకే ఈ పనిచేసేవారు వెలుతురు వీలైనంత తగ్గించుకుంటారు. అన్నట్టు, ఈ తాబేలుకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. అటవీశాఖ అనుమతి లేనిదే గుడ్లను ఎవరూ ముట్టకూడదు.

మొక్కకన్నా ముందు కాలువ

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకున్నది. మడ అడవి దట్టంగా ఉన్నచోట అలల ఉరవడి కొంత తగ్గుతుంది. మడ చెట్ల వేళ్ళు ఒండ్రును పట్టి ఉంచుతాయి. చేపపిల్లలకూ రొయ్యపిల్లలకూ ఆ వేళ్ళ సందులే ఆశ్రయం.

మరి చెట్లు నరికివేసిన చోట మొక్కలు నాటితే సరిపోదా? చాలాచోట్ల అలా నాటిన మొక్కలు చనిపోయాయి. కారణమేమిటి? చెట్లు పోయిన నేల ఎండకు ఎండి, కొంచెం కుంగి, పళ్ళెంలా అవుతుంది. పోటు సమయంలో వచ్చిన సముద్రపు నీరు పాటు సమయంలో బయటికి పోలేక అక్కడే నిలిచిపోతుంది. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. కొన్నాళ్ళకు మడ మొక్క కూడా తట్టుకోలేనంత ఉప్పు పేరుకుంటుంది.

ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, తీర గ్రామాల ప్రజలు కలిసి కృష్ణా గోదావరి మడ అడవుల్లో దీనికొక ఉపాయం అమలుచేశారు. ముందు ఒక పెద్ద కాలువ, దానికి రెండువైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వారు. పైనుంచి చూస్తే అది చేప ముల్లులా ఉంటుంది. పోటు నీరు ఆ కాలువల్లో రోజూ వచ్చి పోతుంటే ఉప్పు కడుక్కుపోతుంది. ఆ తరువాత కాలువ గట్ల మీద నాటిన మొక్కలు నిలబడ్డాయి.

ఇందులో మీ ఊరికీ సంబంధం ఉంది. శ్రీశైలం జలాశయం అడుగున పేరుకుంటున్న ఒండ్రులో కొంత ఒకప్పుడు ఏటేటా దివిసీమ దాకా చేరేది. ఆనకట్టలు మనకు సాగునీరు, విద్యుత్తు ఇచ్చాయి. కాని ఒండ్రు రాక తగ్గడంతో కృష్ణా డెల్టా తీరం కొన్నిచోట్ల కోతకు గురవుతున్నదని శాస్త్రజ్ఞులు గుర్తించారు. అక్కడి మడ చెట్టు మరింత విలువైనదయింది.

ఏరితే చాలదు, రాయాలి

1986లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో కొందరు సేవకులు చెత్త ఏరుతూ, దొరికిన ప్రతి వస్తువునూ కాగితం మీద లెక్క రాశారు. నేడు అనేక దేశాల్లో ఏటా సెప్టెంబరు మూడో శనివారం ఇదే పద్ధతిలో తీరాలను శుభ్రం చేస్తున్నారు. మన దేశంలో 2022 జూలై 5 నుంచి సెప్టెంబరు 17 వరకు 75 తీరాల్లో 75 రోజుల కార్యక్రమం నడిచింది.

లెక్క ఎందుకు? చెత్త కుప్పను చూస్తే "ఎంత చెత్త!" అనిపిస్తుంది, అంతే. లెక్క చూస్తే అది ఎక్కడిదో తెలుస్తుంది. ఒకచోట ఏరిన నూరు వస్తువుల్లో అరవై టీ కప్పులే అనుకుందాం. అప్పుడు పరిష్కారం ఒడ్డున కాదు, టీ అంగడి దగ్గర ఉంది. వల ముక్కలే ఎక్కువైతే జాలరులతో మాట్లాడాలి. నీటిలో వదిలేసిన నైలాన్ వల కుళ్ళదు. పట్టేవాడు లేకపోయినా చేపలను పట్టి చంపుతూనే ఉంటుంది. ఆ నష్టం జాలరికి మనకన్నా బాగా తెలుసు.

మీరు చేసి చూడండి

సముద్రం దూరమని ఊరుకోనక్కరలేదు. మీ ఉపాధ్యాయులతో కలిసి సోమశిల ఒడ్డుకు వెళ్ళండి. నీటిలోకి మాత్రం దిగవద్దు. ఒడ్డు ఉన్నట్టుండి లోతవుతుంది. పగిలిన గాజును, సూదులను చేత్తో ముట్టవద్దు.

నీటి గీత వెంట యాభై అడుగులు కొలిచి రెండు చివరలా రాళ్ళతో గుర్తు పెట్టండి. సంచులు, సీసాలు, కప్పులు, వల ముక్కలు, ఇతరాలు అని ఐదు గళ్ళు గీయండి. ఏరిన ప్రతి వస్తువుకూ ఒక గీత పెట్టండి. నెలనెలా అదే చోట ఈ పని చేయండి. యాత్రికులు వచ్చే రోజుల్లో ఏ గడి నిండుతుంది? వరద తీసిన తరువాత ఏ గడి నిండుతుంది? ఆరునెలల లెక్కతో పంచాయతీకి వెళ్ళి, "ఘాటు దగ్గర ఇక్కడ తొట్టి కావాలి" అని అడిగితే, ఆ మాటకు బలం ఉంటుంది.

పనిలో పనిగా ఇంకొక చిన్న ప్రయోగం. బడి ప్రయోగశాలలోని థర్మామీటరు తీసుకోండి. జ్వరం చూసేది పనికిరాదు. మధ్యాహ్నం ఎండలో ఇసుక పైభాగం వేడిని, మూరెడు లోతు గుంట అడుగు వేడిని కొలిచి పక్కపక్కన రాయండి. తాబేలు అంత లోతు ఎందుకు తవ్వుతుందో ఆ రెండు అంకెలే మీకు చెబుతాయి.

వానలు పడకముందే లెక్క మొదలుపెట్టండి. నీటి గీత మీద నుంచి మీరు ఏరి తీసిన సీసా ఈ ఏటి వరదలో తేలదు.